ఇంజను కుడివైపు

ఆ వానాకాలం మా ఊళ్లో నేను ఒక్క బండికి కూడా రంగు వేయలేదు. వేసినా ఆరదు. బళ్లకీ, పడవలకీ, దుకాణాల తలుపులకీ రంగులు వేయడం నా పని. మిగతా కాలమంతా రెండెకరాల పొలం. నాట్లు అయిపోయాయి, ఇక ఆకాశంకేసి చూస్తూ కూర్చోవడమే అనుకుంటుండగా పెద్దక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

"మీ బావ రిటైరై ఊరికే కూర్చోలేదు. భోజనాల బల్ల మీద రైలు పెట్టాడు. నాలుగు నెలలుగా కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నాం. రంగు వేద్దామంటే చెయ్యి వణుకుతోంది. ఆ విసుగంతా నా మీద. నీ కుంచెలు పట్టుకుని వెంటనే రా. గొడుగు మర్చిపోకు."

నేను వెళ్లేసరికి పెద్దబావ బల్ల ముందు భూతద్దం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. బల్ల మీద కొస నుంచి కొసకి సన్నటి పట్టాలు. వాటి మీద మూరెడు పొడుగు కూడా లేని ఇంజను, దాని వెనక బొగ్గు పెట్టె. రేకుతో చేసిన పాత బొమ్మ. ఎవరో దానికి చిలకపచ్చ రంగు దట్టంగా పూసి, చక్రాలకు పసుపు కొట్టారు. పాత సామాన్ల దుకాణంలో దొరికిందట.

"ఇది నా ఇంజను కావాలి," అన్నాడు బావ, కుశల ప్రశ్నలేవీ లేకుండానే. "నేను పందొమ్మిదేళ్లు నడిపిందే. దాన్ని తుక్కు కింద కోసేశారు. స్టేషన్‌లో కొత్త హాలు కడుతున్నారు, అందులో అద్దాల బీరువా ఇస్తానన్నాడు స్టేషన్ మాస్టరు. వానలు వెలిసేలోపు ఇచ్చెయ్యాలి."

"సరే బావా," అన్నాను.

"ఇంకేమన్నా అంటావా?"

"లేదు."

"వచ్చాడమ్మా వాగుడుకాయ," అంది పెద్దక్క, నాకు తువ్వాలు ఇస్తూ.

మొదటి వారమంతా పాత రంగు వదిలించడానికే సరిపోయింది. ఇంజనును మందులో నానబెట్టి, పళ్లు తోముకునే బ్రష్షుతో రుద్దాం. పచ్చరంగు తోలులా ముడతలు పడి లేచి వచ్చింది. బ్రష్షు మెత్తగా ఉందే అనుకున్నాను. మర్నాడు పొద్దున పెద్దక్క తన కొత్త బ్రష్షు కోసం ఇల్లంతా వెతుకుతుంటే బావా నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

రేకు తెల్లగా తేలాక పలచగా ఒక పూత, దాని మీద నలుపు మూడు పూతలు. ప్రతి పూతకీ నడుమ రెండు రోజులు ఆరబెట్టడం, వాన పట్టిన రోజున మూడు. చక్రాల అంచులకు ఎరుపు గీత, బాయిలరు పట్టీలకు సన్నగా పసుపు గీత. బావ కునుకు తీస్తున్న ఒక మధ్యాహ్నం అంతా పూర్తిచేసి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టాను. అద్దంలా మెరుస్తోంది. ఇరవై ఏళ్లుగా బళ్లకు రంగులు వేసినవాణ్ణి. అంత నునుపు ఎప్పుడూ రాలేదు.

బావ లేచి వచ్చాడు. భూతద్దం పెట్టాడు. బొగ్గు పెట్టె దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంట్రా?"

"పువ్వు బావా."

"నా ఇంజనుకు పువ్వా?"

"ఖాళీగా ఉందని."

"పందొమ్మిదేళ్లు నడిపాను. ఒక్కరోజు కూడా అది పూయలేదు."

వంటింట్లో పెద్దక్క నవ్వు ఆపుకోలేక గిన్నె ఒకటి కింద పడేసింది. బండి అంటే వెనక పలక మీద పువ్వు ఉండాలి. నా చెయ్యి నన్ను అడగకుండానే వేసేసింది. పువ్వు చెరిపేశాను.

"ఇప్పుడు దీన్ని పాడుచెయ్యాలి," అన్నాడు బావ.

"ఏమిటీ?"

"ఇది పెళ్లికూతురు కాదు, ఇంజను. రోజంతా మసిలో, నీళ్లలో, ఎండలో తిరిగిన ముండ. ఇంత కొత్తగా ఉంటే నేనే గుర్తుపట్టను."

పాతవాటిని కొత్తగా చేయడమే నాకు తెలిసిన విద్య. కొత్తదాన్ని పాతగా చేయడం ఆ వానాకాలమే నేర్చుకున్నాను. అది ఇంకా కష్టం. రంగు ఎక్కడ పోవాలో, ఎందుకు పోవాలో తెలియాలి. ఇటుక పొడి తుప్పుకి. పొయ్యి మసి చిమ్నీకి. సుద్దపొడి టర్పెంటైనులో కలిపి మూడు వెంట్రుకల కుంచెతో లాగితే, నీళ్లు కారి ఎండిన చారలు. బావ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుని చెబుతుంటే నేను ఎడమవైపు వేసుకుంటూ పోయాను. డ్రైవరు నిలబడేది ఎడమవైపే కాబట్టి అటు ప్రతి మరకా ఆయనకు తెలుసు. మూడో మెట్టు అంచు అరిగింది, ఈ మేకు తల ఊడింది, ఈ గొట్టం అతుకు దగ్గర ఎప్పుడూ నూనె తడి.

డ్రైవరు కిటికీ కిందకి వచ్చాక నేనే అడిగాను. "ఇక్కడ రంగు పోయి, రేకు వెండిలా మెరిసేది కదా?"

బావ కళ్లు తెరిచాడు. "ఎక్కడ?"

"కిటికీ అంచున. జానెడు మేర."

"నేనెప్పుడూ చూడలేదే."

"మీ మోచెయ్యి దాని మీదే ఉండేది. మీరెలా చూస్తారు? స్టేషన్‌లో దిగి వెళ్లిపోయేవారు. మా పొలం గట్టు మీద నిలబడితే, మీరు చెయ్యి తీసి ఊపినప్పుడు అక్కడ తళుక్కుమనేది."

ఆయన ముందుకు వంగి అక్కడ భూతద్దం పెట్టి, "వెయ్యి," అన్నాడు. పెన్సిలు ములుకు పొడి చేసి వేలితో రుద్దాను. మెరిసింది. బావ తన మోచేతిని ఎత్తి ఒకసారి చూసుకున్నాడు.

తర్వాత ఇంజనును తిప్పి కుడివైపు నా ముందుకు పెట్టాను. కుంచె కడిగాను.

"ఇటెలా ఉండేది?"

"అటులాగే."

"అటులాగే ఎలా ఉంటుంది బావా?"

"ఇటు నూనె వెయ్యడం, తుడవడం నా పని కాదు. చూళ్లేదని కాదు, చూసి గుర్తుపెట్టుకోలేదు. నువ్వు రోజూ చూసేవాడివిగా?"

నేను కూడా చూడలేదు. మా ఊరి మీదుగా పోయే ఆ చిన్న లైను చివర్లో ఇంజనును తిప్పే ఏర్పాటు లేదు. వెళ్లేటప్పుడు ముందుకు వెళ్లి, వచ్చేటప్పుడు వెనక్కి నడుచుకుంటూ వచ్చేది. అందుకని వెళ్లినా వచ్చినా మా పొలానికి ఎడమ చెంపే కనిపించేది. నా చిన్నప్పటి నుంచి ఆ ఇంజనుకు ఒకటే చెంప.

"ఉన్నాడుగా ఒకాయన," అంది పెద్దక్క వంటింట్లోంచి, గోడకి చెబుతున్నట్టు. "కుడివైపంతా నోటికి వచ్చినవాడు. రెండు వీధుల అవతల."

"నీళ్లు మరుగుతున్నాయేమో చూసుకో," అన్నాడు బావ.

ఆ ఒకాయన మా చిన్నబావ. ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. పెద్దబావే ముచ్చటపడి తన పక్కన పనిచేసే కుర్రాడికి మా చిన్నక్కనిచ్చి పెళ్లి చేయించాడు. పగలంతా ఒకే ఇంజనులో, సాయంత్రం ఒకే బల్ల దగ్గర. అలా ఉండగా ఒక పొగమంచు పొద్దున, యార్డులో వెనక్కి వస్తూ ఇంజను నీళ్లు పట్టే స్తంభానికి తగిలింది. బొగ్గు పెట్టె కుడివైపు సొట్ట పడింది. అటు చూసి కేక వెయ్యాల్సింది ఫైర్‌మన్. వేశానన్నాడు చిన్నబావ. వినపడలేదని కాగితం మీద రాసిచ్చాడు పెద్దబావ. ఆ కాగితంతో చిన్నబావ డ్రైవరు పరీక్ష ఆగిపోయింది, మళ్లీ రాలేదు. తర్వాత డీజిలు ఇంజన్లు వచ్చి బొగ్గు వేసేవాడితో పని లేకుండా పోయింది.

ఆ వానాకాలానికి ఇదంతా జరిగి పదకొండేళ్లు. తోడల్లుళ్లిద్దరికీ మాటల్లేవు. అక్కలిద్దరూ దర్జీ దుకాణంలో దొంగల్లా కలుసుకునేవాళ్లు. "మేం కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకోవాలంటే ఏదో ఒకటి కుట్టించుకోవాలి," అనేది చిన్నక్క. "ఇంట్లో మనుషులం ఇద్దరం. దిండు గలీబులు ముప్పై." నేను మధ్యాహ్నం ఒక ఇంట్లో, సాయంత్రం ఇంకో ఇంట్లో తింటూ రెండు చోట్లా నోరు మూసుకునేవాణ్ణి. అందులో నాకు కష్టమేమీ లేదు.

మర్నాడు బావ ఇంజనును చెప్పుల పెట్టెలో పెట్టి, చుట్టూ దూది కూరి, పురికొస కట్టి నా ఒళ్లో పెట్టాడు.

"మీ చిన్నక్కని చూసి చాలా రోజులైంది కదా నువ్వు."

"నిన్ననే అక్కడ తిన్నాను బావా."

"మళ్లీ చూడు. పెట్టె పట్టుకెళ్లు. ఏమీ చెప్పకు."

"నేనెప్పుడు చెప్పాను?"

చిన్నబావ ముందు గదిలో గొడుగులు బాగుచేస్తున్నాడు. రైల్వే పని అయిపోయాక అదే ఆయన వ్యాపారం. వానాకాలం కదా, ఆ గదిలో కాలు పెట్టడానికి సందు లేదు. గబ్బిలాల్లా వేలాడుతున్న గొడుగుల మధ్య కూర్చుని పెట్టె విప్పాడు. ఇంజనును అరచేతిలోకి తీసుకున్నాడు. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. కానీ చక్రాన్ని చిటికెన వేలితో మెల్లగా తిప్పాడు.

"ఎడమవైపు నీ పనా?"

"చెప్పింది ఆయన. వేసింది నేను."

"అబద్ధం లేదు," అన్నాడు, తిప్పి తిప్పి చూసి. "చిమ్నీ మసి ఒక్కటే అబద్ధం. బొగ్గు వెయ్యడం చేతకానివాడు వేస్తే వస్తుంది ఇంత మసి. నా చేతిలో రాలేదు. ఆయనకు చెప్పు."

వెళ్లి చెప్పాను. "మసి ఉండేది," అన్నాడు పెద్దబావ. "నా ముఖం మీదే ఉండేది. వాడికి చెప్పు."

ఇలా పది రోజులు. గొడుగు కింద పెట్టె, పెట్టెలో ఇంజను, నా నోట్లో ఆ ఇద్దరి మాటలు. పొద్దున చిన్నబావ చెప్పినట్టు కుడివైపు ఒక మరక వేసేవాణ్ణి, సాయంత్రం పెద్దబావ దాన్ని భూతద్దంతో చూసేవాడు. నీళ్ల మూత కింద తెల్లటి చార ఒకటి లావుగా: నీళ్లు పట్టేటప్పుడు చిన్నబావ పట్టాలు మార్చే పాయింట్సువాడితో కబుర్లలో పడి పొర్లించేవాడట. వేడి గొట్టం పక్కన గుండ్రటి మరక: అక్కడ టీ డబ్బా పెట్టేవాడు. వంగిన దీపం కొక్కెం, దాన్ని కట్టిన తీగ. ఆ తీగని గొడుగు కుట్టే సన్న తీగతో చిన్నబావే ఊపిరి బిగబట్టి చుట్టాడు.

"టీ డబ్బా," అన్నాడు పెద్దబావ ఆ మరక చూసి. "రోజూ నాకు సగం పోసి ఇచ్చేవాడు వెధవ." అంతలో నేనున్నానని గుర్తొచ్చి దగ్గాడు.

అంతా అయింది, బొగ్గు పెట్టె కుడి పలక తప్ప. అది ఇంకా నిగనిగలాడుతూ కొత్తగా ఉంది.

"ఇక్కడ నేను చెప్పను," అన్నాడు చిన్నబావ.

"ఎందుకు?"

"అక్కడేముందో ఆయనకు తెలుసు. ఆయన్నే పెట్టమను. పెట్టకపోతే ఇలాగే పంపించుకోమను స్టేషన్‌కి. చూసినవాళ్లు, అబ్బ, ఎంత బావుందో అంటారు."

నవ్వుతూనే అన్నాడు. గొడుగు ఊచ ఒకటి ఆయన చేతిలో అప్పటికే వంగిపోయి ఉంది. చిన్నక్క వాకిలి దగ్గర నిలబడి నా వైపు చూసింది. ఈ పెట్టె మళ్లీ ఈ గుమ్మం తొక్కకపోతే ఇక ముప్పై ఒకటో గలీబు కుట్టించుకోవాల్సిందేనని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

పెద్దబావకి ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. నేను ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడడం ఆయన చూసి ఉండడు. రెండు రోజులు ఇంజను బల్ల మీద అలాగే ఉంది. ఆయన దాని ఎడమ పక్కనే కూర్చున్నాడు. స్టేషన్ మాస్టరు కబురు పంపాడు: హాలు తెరిచేది వచ్చే వారమే, బొమ్మ ఎక్కడ?

మూడోరోజు నేను కుంచెలు కడుగుతుంటే బావ వచ్చి అందులో లావుపాటిది తీసుకున్నాడు. తిరగేసి, గుండ్రటి కాడ కొస వేలితో తడిమి చూశాడు.

"పక్కకి జరుగు."

"నేను పట్టుకోనా బావా?"

"ఎక్కడ పడిందో నాకు తెలుసు."

బొగ్గు పెట్టెను ఒళ్లో పెట్టుకుని, కుడి పలక వెనక భాగాన కాడ ఆనించి, బొటనవేళ్లు రెండూ పెట్టి నొక్కాడు. రేకు టిక్కుమంది.

"వాడు కేక వేశాడు," అన్నాడు బావ, ఆ సొట్టతోనే చెబుతున్నట్టు. "నాకు వినపడింది. ఇంకా బెత్తెడు జాగా ఉందనుకున్నాను. అంతకు ముందు వెయ్యిసార్లు ఉంది."

పెద్దక్క వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఆమెకు మాట దొరక్కపోవడం నేను చూడడం అదే మొదటిసారి.

"తీసుకెళ్లి చూపించు," అన్నాడు ఆయన. "సరిగా పడిందేమో అడుగు."

వాన పెద్దదిగానే ఉంది. పెట్టె చొక్కా లోపల పెట్టుకుని వెళ్లాను. చిన్నబావ పెట్టె విప్పి పలక చూశాడు. ఊచలు, దారాలు, సూదులు అన్నీ ఒళ్లోంచి కింద పెట్టాడు.

"ఎవరు నొక్కారు?"

"ఆయనే."

"చెయ్యి వణుకుతుందన్నావుగా?"

"నొక్కేటప్పుడు వణకలేదు."

"ఏమన్నా అన్నాడా?"

"కేక వినపడిందన్నాడు."

బొటనవేలితో సొట్టను ఒకసారి, మళ్లీ ఒకసారి రాశాడు. కిటికీలోంచి బయటకి చూశాడు. మళ్లీ చూశాడు ఇంజను కేసి.

"అసలు సొట్ట ఇంత లోతు లేదురా," అన్నాడు. "ఎక్కువ వేసుకున్నాడు."

అని లేచి చొక్కా కోసం వెతుక్కోబోయాడు. చిన్నక్క అప్పటికే దాన్ని పట్టుకుని వెనక నిలబడి ఉంది.

ముగ్గురం రెండు గొడుగుల కింద వెళ్లాం. ఊళ్లో గొడుగులన్నీ ఆయన ఇంట్లో ఉన్నా ఆయనకంటూ ఒకటి లేదు. గుమ్మంలో చిన్నబావ తడిసిన కాళ్లు దులుపుకున్నాడు. పెద్దబావ తల ఎత్తలేదు. భూతద్దం తుడుస్తున్నాడు; అది అప్పటికే తళతళలాడుతోంది.

"మసి తగ్గించలేదేం?" అన్నాడు చిన్నబావ.

"తగ్గించను."

"ఇంత మసి చూస్తే నలుగురిలో నా పరువేం కావాలి?"

"మసి ఉండేది."

"సిగ్నలు దగ్గర నిలబెట్టినప్పుడు ఉండేదేమో. లైను మీద ఉండేది కాదు అన్నయ్యా."

పెద్దబావ భూతద్దం కింద పెట్టాడు. "సరే, తగ్గించుకో. కూర్చో."

"ఎక్కడ కూర్చుంటాడు?" అంది పెద్దక్క. మాట తిరిగి వచ్చింది ఆమెకు. "బల్ల మీద రైలు, కుర్చీల మీద రంగు డబ్బాలు, మంచం మీద ఆరబెట్టిన రంగు గుడ్డలు. నా నెత్తి మీద కూర్చోమను." అంటూనే డబ్బాలన్నీ గబగబా కిందకి దించింది. చిన్నక్క నేరుగా వంటింట్లోకి వెళ్లిపోయింది, నిన్ననే వచ్చి వెళ్లినట్టు. ఆ తర్వాత వంటింట్లోంచి వచ్చిన చప్పుడుకి బయట వాన చప్పుడు వినపడలేదు.

ఇక నా చేతికి కుంచె రావడమే గగనమైపోయింది. చిన్నబావ నిజం బొగ్గు తెచ్చి సుత్తితో చితక్కొట్టి, పెద్దక్క టీ వడకట్టుతో జల్లించి, ఆవగింజంత పలుకులు ఏరాడు. పెద్దబావ వాటిని జిగురు మీద ఒక్కొక్కటే పేర్చబోతే, "అలా పేర్చుకుంటూ కూర్చుంటే ఆవిరి వచ్చేసరికి తెల్లారుతుంది," అని చిన్నబావ గుప్పెడు తీసి ఒక్క విసురు విసిరాడు. సరిగ్గా కుప్ప పడింది. పెద్దక్క వడకట్టు కోసం వెతకడం మొదలుపెట్టింది. ఈసారి మొహమొహాలు చూసుకున్నది ముగ్గురం.

సొట్టను నేను ముట్టుకోలేదు. చుట్టూ సన్నగా తుప్పు మాత్రం వేశాను.

హాలు తెరిచే రోజుకి వాన వెలిసింది. ఐదుగురం పెట్టె పట్టుకుని స్టేషన్‌కి వెళ్లాం. నిజానికి పెట్టె పట్టుకున్నది నేను, మిగతా నలుగురూ జాగ్రత్తలు పట్టుకున్నారు. అద్దాల బీరువా బ్రహ్మాండంగా ఉంది, కానీ దాన్ని గోడకి ఆనించి పెట్టారు. ఇంజను ఒక చెంపే కనిపిస్తుంది.

"కుడివైపు బయటకి పెట్టండి," అన్నాడు పెద్దబావ.

"వద్దండి, ఎడమవైపు," అన్నాడు చిన్నబావ. "కిటికీ దగ్గర మోచేతి మెరుపు ఉంది అటు. అదీ చూడాల్సింది."

"సొట్ట కనపడాలి."

"సొట్టెందుకు అన్నయ్యా ఊరందరికీ?"

"నా ఇంజను, నా ఇష్టం."

"సగం నాది."

"ఆ సగమే చూపిస్తానంటున్నాను!"

స్టేషన్ మాస్టరు గడియారం చూసుకుంటూ నలిగిపోయాడు. పైఅధికారి వచ్చే బండి ఇంకో అరగంటలో ఉంది. అక్కలిద్దరూ బెంచీ మీద కూర్చుని, గొంతు తగ్గించకుండా, ఆ ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొండో తేల్చుకుంటున్నారు. చివరికి స్టేషన్ మాస్టరు నా వైపు తిరిగాడు.

"రంగు వేసింది మీరట కదా. మీరన్నా చెప్పండి."

"బీరువా గోడకే ఎందుకుండాలి?" అన్నాను.

అందరూ నా వంక చూశారు. ఇద్దరు కూలీలు, ఇద్దరు బావలు, నేను కలిసి దాన్ని హాలు నడిమధ్యకి నెట్టాం. స్టేషన్ మాస్టరు దారికి అడ్డమని గొణిగాడు. అడ్డమే. బండి దిగి వచ్చినవాళ్లు మూటలతో కొందరు దానికి ఎడమగా, కొందరు కుడిగా తప్పుకుంటూ పోతున్నారు. ఒక ముసలావిడ మాత్రం బుట్ట కింద పెట్టి, బీరువా చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి, బొగ్గు పెట్టె దగ్గర వంగి చూసింది.

"అయ్యో, ఎక్కడో తగిలినట్టుంది దీనికి," అంది.

"తగిలిందమ్మా," అన్నాడు పెద్దబావ. "నేనే తగిలించాను."

"కొంచెమే," అన్నాడు చిన్నబావ.